వాగులో పూరేడు పిల్లలు లేవట

పోసో అమార్గో, అరిజోనా
అక్టోబరు 20, 1986

పిట్టల ఆఫీసులో పెద్దగా ఉన్నవారికి కసిల్డా ఒచోవా చెప్పి రాయించినది.

మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను, దానికి కారణం మీరే.

ముందు నేనెవరో చెబుతాను. వయసు డెబ్భై ఏడు. చదువు లేదు. మా ఆయన లిబ్రాడో పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో నేనూ, సార్హెంతో అనే పద్నాలుగేళ్ళ కుక్కా ఉంటాం. మా ఊరి పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి నేను చెబుతుంటే లోపల హోర్తెన్సియా రాస్తోంది. నా మాటల్ని ఆమె మెత్తబరుస్తోందని నాకు అనుమానం. ఎక్కడైనా మర్యాద కనబడితే అది ఆమెదని గ్రహించండి.

మొన్న శుక్రవారం పూరేళ్ళ వేట తెరిచారు. తెల్లారగానే తుపాకీ భుజాన వేసుకుని, సార్హెంతోను వెంటబెట్టుకుని ఎల్ మెస్కితాల్ వాగుకు నడిచాను. వాగు మొగదల కొత్తగా ఒక ఇనప కడ్డీ, దానికి ఎర్రక్షరాల బోర్డు. పాముల గురించి రాశారేమో అనుకున్నాను. ఆ వాగులో పాములకు నేను తెలుసు. అయినా సర్కారు రాసినదాన్ని ఖాతరు చెయ్యలేదన్న మాట నాకు రాకూడదని, కడ్డీతో సహా బోర్డు పెరికి, చదివించుకోవడానికి పోస్టాఫీసుకు మోసుకొచ్చాను. హోర్తెన్సియా చదివింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆ వాగులో రెండేళ్ళు వేట బంద్ అట. పూరేడు పిల్లలు లేవట.

అయ్యా, మా ఊరి చుట్టూ ఎటు చూసినా ముళ్ళతీగే. అదంతా ప్రూయిట్ గారి పశువుల మేత. ముళ్ళతీగ లేని నేల, నాబోటిది ఎవరి అనుమతీ అడక్కుండా నడవగలిగిన నేల, ఆ వాగు ఒక్కటే. పెళ్ళయినప్పటి నుంచి ఏ చలికాలమూ నేను అక్కడ నడవకుండా ఉండలేదు. నేనూ కుక్కా ఇద్దరం కుంటుతాం కనక మా ఇద్దరి నడకా సరిపోతుంది. తలమీద తురాయి ఆడించుకుంటూ అవి పరిగెడతాయి, మేం వెనక నడుస్తాం, అవి అలిసి ఎగిరినప్పుడు నేను కొడతాను. రోజుకు పదిహేను కొట్టొచ్చని చట్టం అంటుంది. నేను నాలుగు కొడతాను, ఐదోది మోయడానికి నా నడుం ఒప్పుకోదు. రెండేళ్ళు ఆగమంటే సార్హెంతో ఆగడు. నా సంగతీ నాకు నమ్మకం లేదు. ఈ చలికాలమే మాకు మిగిలింది.

మీ శాఖకు ఇవ్వవలసింది నేనెప్పుడూ ఎగ్గొట్టలేదు. లిబ్రాడో పోయాక కూడా, ఏటా మంచివి ఏరి ఇస్తూనే వచ్చాను. దానికా మీరు నాకు చేసింది?

వాగు తెరవండి.

ఇట్లు,
కసిల్డా ఒచోవా (వేలిముద్ర)

తాజా కలం: మీ బోర్డు ఇక్కడే ఉంది. స్టాంపులకు వచ్చినవాళ్ళు దానిమీద టోపీలు తగిలిస్తున్నారు. కావలిస్తే వచ్చి పట్టుకుపోండి.

*

వన్యప్రాణి శాఖ, ప్రాంతీయ కార్యాలయం
అక్టోబరు 31, 1986

శ్రీమతి ఒచోవా గారికి నమస్కారాలు.

విషయం: ఎల్ మెస్కితాల్ వాగులో పూరేళ్ళ వేట నిలుపుదల.

మీ లేఖ అందినది. సదరు వాగులో గత నాలుగు సంవత్సరాలుగా పూరేళ్ళు పిల్లలు పెట్టడం పూర్తిగా ఆగిపోయినట్లు మా వద్ద తిరుగులేని సాక్ష్యం కలదు. ఉన్న పెద్ద పిట్టలు ముసలివై పోతే గుంపే మిగలదు. కావున ఈ చర్య మీ వంటి వేటగాళ్ళ మేలు కోరి తీసుకున్నదే. అనావృష్టి కారణమని మా అభిప్రాయం.

వేటకు తెరిచి ఉన్న ఇతర ప్రభుత్వ భూములను ఆకుపచ్చ రంగులో చూపే పటం జతపరచడమైనది. మీకు అన్నిటికంటె దగ్గరిది అరవై మూడు మైళ్ళు మాత్రమే.

మరొక ముఖ్య విషయం. మా శాఖకు ఏటా "మంచివి ఏరి" ఇస్తున్నట్లు మీరు రాశారు. మా సిబ్బంది ఎవరూ ప్రజల నుంచి కానుకలు స్వీకరించరాదు. మీ నుంచి ఎవరైనా పుచ్చుకొని ఉంటే, వారి పేరు, పుచ్చుకున్న వస్తువు వివరం రహస్యంగా తెలియజేయ ప్రార్థన.

భవదీయుడు,
వెండెల్ లింద్‌క్విస్ట్
పిట్టల పరిశోధనాధికారి

తాజా కలం: బోర్డును యథాస్థానంలో పాతించవలెను.

*

పోసో అమార్గో
నవంబరు 10, 1986

లింద్‌క్విస్ట్ గారికి కసిల్డా ఒచోవా రాయించినది. నేను ఇంకా బతికే ఉన్నాను, తొందరపడకండి.

అరవై మూడు మైళ్ళు మాత్రమే అన్నారు. నాకు బండి లేదు. ఉన్నవి రెండు కాళ్ళు, అందులో ఒకటి పనిచేస్తుంది. మీ లెక్కన నేను ఇవాళ బయలుదేరితే వేట ముగిసే ఫిబ్రవరికి అక్కడికి చేరి, వచ్చే వేట మొదలయ్యే అక్టోబరుకు ఇంటికొస్తాను. సార్హెంతోను ఎత్తుకుని నడవాలంటే ఇంకో నెల వేసుకోండి.

కానుకల మాట. నేను లంచమిచ్చే మనిషినా? సర్కారుకు చెల్లవలసింది చెల్లించాను, అందరూ చూసేచోట, పగటిపూట. ఎవరు పుచ్చుకున్నారో నాకేం తెలుసు? పుచ్చుకున్నవాడు ఒక్కసారి కూడా బాగున్నాయని అనలేదు. (ఇక్కడ ఆమె ఇంకో మాట అన్నారు, నేను రాయలేదు: హోర్తెన్సియా.)

అనావృష్టి అన్నారు. నాలుగేళ్ళ కిందట, లిబ్రాడో పోయిన చలికాలం, ఆ వాగు మూడుసార్లు పొంగింది. ఆయన సమాధి మీది శిలువ కొట్టుకుపోతే ప్రూయిట్ గారి కంచెలో వెతికి తెచ్చుకున్నాను. మీ దగ్గర అనావృష్టి, మా దగ్గర వరదా? ఒకే ఆకాశం కింద కాదూ మనం ఉన్నది?

పిల్లలు లేవని సాక్ష్యం ఉందన్నారు. సాక్ష్యం ఉందంటే సాక్షి ఉంటాడు. వాడి పేరు చెప్పండి. వాణ్ణి నా ముందు నిలబెట్టండి. నేను వాగులో నడిచేదాన్ని, పిల్లల్ని కళ్ళతో చూసేదాన్ని, చేత్తో పట్టుకునేదాన్ని.

రోజూ పొద్దున్నే సార్హెంతో తలుపు దగ్గరికి పోయి వాగు వైపు మొహం పెట్టి నిలబడతాడు. నేను తుపాకీ తియ్యకపోతే నా వంక చూస్తాడు. వాడి దృష్టిలో తప్పంతా నాది. మీ శాఖ సంగతి వాడికి ఎలా చెప్పను?

ఇట్లు,
కసిల్డా ఒచోవా (వేలిముద్ర)

తాజా కలం: పటం కాగితం మంచి దళసరిది. గిన్నెల అర మీద పరిచాను. ఇప్పుడు నా ఇంట్లో చాలా ఆకుపచ్చ భూమి ఉంది, నడిచే వీలున్నది ఒక్క అంగుళం లేదు.

*

వన్యప్రాణి శాఖ, ప్రాంతీయ కార్యాలయం
నవంబరు 24, 1986

శ్రీమతి ఒచోవా గారికి నమస్కారాలు.

మీకు వాహనం లేదని నాకు తెలియదు. పటం విషయంలో క్షమించగలరు.

సాక్షి విషయం. ఆ వాగు గురించి మాకు సమాచారం ఇస్తున్నది ఒకే ఒక వేటగాడు. పట్నం నుంచి జీపుల్లో వచ్చేవారు మాకేమీ ఇవ్వరు. ఈయన మాత్రం నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు. ఈయన ఇచ్చిన సాక్ష్యంలో ఒక్క పిల్ల పిట్ట కూడా లేదు. ఇంత నిజాయితీ గల మనిషిని నా ఉద్యోగంలో నేను చూడలేదు. ఆయన పేరు మాకు తెలియదు. తెలిసినా, మీ లేఖల ధోరణిని బట్టి, మీకు చెప్పడం క్షేమం కాదని నా అభిప్రాయం.

భవదీయుడు,
వెండెల్ లింద్‌క్విస్ట్

తాజా కలం: బోర్డు ఇంకా పాతలేదని తెలిసినది. టోపీలైనా తీయించగలరు.

*

పోసో అమార్గో
డిసెంబరు 8, 1986

లింద్‌క్విస్ట్ గారికి కసిల్డా ఒచోవా రాయించినది. క్షేమసమాచారాలు అడగను, చెప్పను.

ఈ ఊళ్ళో నేను కాక ఆ వాగులో తుపాకీ పట్టుకుని తిరిగేవాడు ఒక్కడే, ప్రూయిట్. వేట ఆగితే వాడి ఆవులకు ఆ మేత కూడా కలిసొస్తుంది. అందుకని మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక వాడి ఇంటికి నడిచాను. తుపాకీ తీసుకెళ్ళాను కాని గుళ్ళు పెట్టలేదు. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

వాడు వసారాలోకి వచ్చి టోపీ తీశాడు. సర్కారు వాళ్ళకు వాగు గురించి చాడీలు చేరవేస్తున్నది నువ్వేనా అని అడిగాను. ఎండలో నిలబడొద్దు, కూర్చుని అడగమని కుర్చీ వేశాడు, కాఫీ ఇచ్చాడు. తన తల్లి మీద ఒట్టు పెట్టాడు.

"డోన్యా కసిల్డా, వాగు మొగదల ఉన్న ఆ సర్కారు పెట్టెలో నేను ఖాళీ సిగరెట్ డబ్బాలు తప్ప ఏదీ వెయ్యలేదు. వాళ్ళకు నేను ఉత్తరం రాయడమా? పన్ను కాగితాలకే నేను జవాబివ్వను."

నమ్మాను. వాడు దొంగే కాని బద్ధకస్తుడు. నాలుగేళ్ళు తప్పకుండా ఏ పనీ చెయ్యలేడు.

అంటే మీ సాక్షి బయటివాడు. ముఖం లేదు, పేరు లేదు, నిజాయితీ ఒకటే ఉంది. సరే. నా చేతికి చిక్కనివాణ్ణి దేవుడికి అప్పగించాను. పోయినవాటిని వెతికిపెట్టే పునీతుడు సాన్ అంతోనియో, వంటింట్లో ఉన్న ఆయన బొమ్మను గోడవైపు తిప్పేశాను. పిండి పని చేసే చోట, సామాన్లు తగిలించే గోడ అది. ఆ సాక్షి ఎవడో నాకు చూపించేదాకా ఆయన మొహం ఇటు తిప్పను, పువ్వు పెట్టను, దీపం వెలిగించను.

ఆపైన మూడు శాపాలు పెట్టాను. హోర్తెన్సియా రాయనంటే నేను కిటికీ దగ్గర నుంచి కదలనన్నాను. నా వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు, అందుకని రాస్తోంది. ఒకటి, ఆ సాక్షి మోకాళ్ళు బిగుసుకుపోవాలి. రెండు, వాడి కుక్కకు వాడి గొంతు వినపడకూడదు. మూడు, వాడి ఇంట్లో రొట్టెలు పొంగకూడదు.

ఈమధ్య సార్హెంతో తలుపు దాకా వెళ్ళడం లేదు. మధ్యలోనే కూర్చుంటున్నాడు. వాగు వైపు మొహం మాత్రం మార్చడు.

ఇట్లు,
కసిల్డా ఒచోవా (వేలిముద్ర)

తాజా కలం: కాఫీ బాగుంది. అందువల్ల ప్రూయిట్ మీద కోపం తగ్గిందని ఎవరూ అనుకోవద్దు.

*

వన్యప్రాణి శాఖ, ప్రాంతీయ కార్యాలయం
జనవరి 7, 1987

ప్రియమైన శ్రీమతి ఒచోవా గారికి,

పండుగ సెలవుల వల్ల జవాబు ఆలస్యమైంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంటికి తీసుకెళ్ళి చదివాను. నేను ఉత్తరాది నుంచి వచ్చినవాణ్ణి. మా నాన్న దగ్గర ఒక ముసలి కుక్క ఉండేది. అది ఆఫీసు సంగతి కాదు కనక ఇంతటితో ఆపుతాను.

ఆ సాక్షి మీ మీద పగబట్టినవాడు కాడని మీకు తెలియాలి. అందుకే నిబంధనల్ని పక్కనపెట్టి అసలు విషయం చెబుతున్నాను. ఆయన నోటితో ఏమీ చెప్పలేదు. వాగు మొగదల మేము ఉంచిన చెక్కపెట్టె ఉంది కదా, వేటగాళ్ళు తాము కొట్టిన ప్రతి పిట్టదీ, చిన్నదైనా పెద్దదైనా, ఒక్కో రెక్క అందులో వెయ్యాలి. రెక్క మీది పొట్టి ఈకల కొసల్లో మచ్చలుంటే అది ఆ ఏడు పుట్టిన పిల్ల. మచ్చలు లేకుండా ఒకే బూడిదరంగైతే పాత పిట్ట. 1981 దాకా ఆ పెట్టెలో పదింటికి ఆరో ఏడో పిల్లల రెక్కలే ఉండేవి. 1982 నుంచి ఇప్పటిదాకా నలభై నాలుగు రెక్కలు వచ్చాయి. నలభై నాలుగూ పాత పిట్టలవే.

ఈయన మా కాగితపు కవర్లు వాడడు. ప్రతి రెక్కనూ మొక్కజొన్న పొత్తు రేకులో చుట్టి, ఎర్రదారంతో ముడివేసి పెడతాడు. మురికి లేదు, నెత్తురు మరక లేదు. పద్దెనిమిదేళ్ళుగా నేను నెత్తురు కారే సంచులు విప్పుతున్నాను. ఈయన పొట్లాలు విప్పేటప్పుడు చేతులు కడుక్కుని మరీ కూర్చుంటాను. అటువంటి మనిషి అబద్ధం చెప్పడని మీకూ తెలియాలని లెక్క ముగిశాక అందిన ఒక పొట్లాన్ని విప్పకుండా జతచేస్తున్నాను.

బంద్ ఎత్తివేయడం నా చేతిలో లేదు. అది తేల్చే సంఘం ఏప్రిల్‌లో కూర్చుంటుంది. జనవరి నెలాఖరులోగా ఆ వాగు పిల్లల రెక్కలు ఎవరైనా చూపితే నేను వారి ముందు పెట్టగలను. వారు ఒప్పుకున్నా తెరిచేది అక్టోబరులోనే. ఈ చలికాలానికి ఏమీ చెయ్యలేను. ఈ మాట రాయడం నాకు ఇష్టం లేదు.

మీ
వెండెల్ లింద్‌క్విస్ట్

తాజా కలం: మీ మూడు శాపాలను "ప్రజాభిప్రాయాలు" అనే శీర్షిక కింద ఫైలులో చేర్చాము. ఇంకో శీర్షిక దొరకలేదు.

*

పోసో అమార్గో
జనవరి 19, 1987

లింద్‌క్విస్ట్ గారికి కసిల్డా ఒచోవా రాయించినది. ఇవాళ హోర్తెన్సియా మా ఇంటికి వచ్చి, నా రొట్టెల బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. పోస్టాఫీసు దాకా నేను నడవలేను. ఈసారి ఏ మాటా మెత్తబరచవద్దని చెప్పాను. మెత్తబరచడానికి ఏమీ లేదంది.

ముందుగా మీ సాక్షి సంగతి. నేను పెట్టిన శాపాలు మూడూ తగిలాయి. క్రిస్మస్ ముందు రోజు నుంచి వాడి మోకాళ్ళు బిగుసుకుపోయాయి, రెండూ. వాడి కుక్కకు చెవులు పూర్తిగా పోయాయి, పక్కన నిలబడి పిలిచినా తల తిప్పదు. మూడు వారాలుగా వాడి రొట్టెలు పెనం మీద తోలు ముక్కల్లా పడుకుంటున్నాయి.

మీరు పంపిన పొట్లం హోర్తెన్సియా నా చేతిలో పెట్టింది. అందులో ఏముందో నాకు విప్పకుండానే తెలుసు. ఆ ఎర్రదారం నా పాత ఏప్రాన్ అంచుది. ముడి మా అమ్మ నేర్పింది.

ఎలా జరిగిందో చెబుతాను, ఫైలులో ఏ శీర్షిక కింద పెట్టుకుంటారో పెట్టుకోండి. లిబ్రాడోకు చదువొచ్చు. పిట్టల్ని కొట్టేది నేను, పెట్టె వ్యవహారం ఆయనది. ఒక్కో పిట్టదీ ఒక రెక్క ఆయన పెట్టెలో వేసేవాడు, రెండోది నాకిచ్చేవాడు. పెట్టె మీద ఏమి రాసుందో నేనెప్పుడూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన పోయాక, సర్కారుకు ఏదో చెల్లుతోంది కదా, మనిషి పోయాడని అది ఆగకూడదనుకున్నాను. పెట్టె మీద ఒక రెక్క బొమ్మ ఉంది. నా కళ్ళకు అంతే తెలిసింది.

గుడికైనా సర్కారుకైనా ఇచ్చేటప్పుడు నలుగురిలో పెట్టదగ్గది ఇవ్వాలి, పీలది పెడితే అవమానించినట్టు అని మా అమ్మ మమ్మల్ని పెంచింది. అందుకని పెద్ద పిట్ట దొరికినప్పుడే దాని రెక్క కడిగి, ఆరబెట్టి, రేకులో చుట్టి మీకు పెట్టాను. చిన్నవి, మెత్తవి, మచ్చలున్నవి, మీకు ఎలా పెట్టను? ఇంటికి తెచ్చుకునేదాన్ని. రొట్టెల బల్ల మీద పిండి దులపడానికి వాటిని మించినది లేదు. కుడి రెక్క బల్లకు, ఎడమ రెక్క పొయ్యి గట్టుకు. ముసలిదాని రెక్క గరుకుగా ఉండి పిండిని గీరుతుంది. నాకు అక్కరకు రానివి మీకు ఇచ్చానని కూడా మీరు అనొచ్చు. అనండి.

ఆ ఏడు వానలు తప్పలేదు, అయ్యా. మీ లెక్కలో తప్పింది లిబ్రాడో ఒక్కడే.

సాన్ అంతోనియోను ఇటు తిప్పాను. ఆయన్ని తిప్పిన గోడకు, ఆయన ముక్కుకు ఎదురుగా, మేకుకు పిల్ల రెక్కల దండ వేలాడుతోంది. సాక్షిని చూపించమని నేను రోజూ ఆయన్ని సతాయిస్తుంటే, ఆరు వారాలుగా ఆయన దానివంకే చూస్తూ నిలబడ్డాడు. దీపం పెట్టాను. క్షమించమని అడగలేదు, ఆయనా కొంచెం దగ్గొచ్చు కదా.

ఈ ఊళ్ళో నా చేతి రెక్క లేని వంటిల్లు లేదు. పెళ్ళిళ్ళకు ఇచ్చాను, బారసాలలకు ఇచ్చాను. కర్ర పట్టుకుని ఇంటింటికీ పోయి తిరిగి అడిగాను. ఇచ్చింది వెనక్కి అడగడం ఈ వయసులో నేర్చుకున్నాను. ప్రూయిట్ జీపులో తిప్పాడు. జన్మలో మొదటిసారి జీపెక్కాను, అదీ పూరేళ్ళ కోసం. యాభై ఎనిమిది జతలు దొరికాయి, రెండు రెక్కలూ ఉన్నాయంటే లిబ్రాడో పోయాక కొట్టినవే. అరిగినవి ఉన్నాయి, పొయ్యి సెగకు నల్లబడినవి ఉన్నాయి. మచ్చలు కనిపిస్తాయి, హోర్తెన్సియా భూతద్దం పెట్టి ఒక్కొక్కటీ చూసింది. అన్నీ ఈ పెట్టెలో పంపుతున్నాను. ఏప్రిల్‌లో మీ పెద్దల ముందు పెట్టండి. వాగు తెరిపించండి.

అక్టోబరులో తెరుస్తామన్నారు. తెరవండి. ఎవరికైనా నడిచే కాళ్ళుంటాయి.

సార్హెంతో ఇప్పుడు లేవడం లేదు. పొద్దున్నే వాణ్ణి గోనెపట్టా మీద తలుపు దాకా లాగుతాను, వాగు వైపు పడుకోబెడతాను. నిన్న పక్కన కూర్చుని వాడికి మొత్తం చెప్పాను, పెట్టె సంగతి, ఎర్రదారం సంగతి. ఒక్కటీ దాచలేదు. వాడికి వినపడదు. ఆ శాపం ఒక్కటి మాత్రం నాకు అక్కరకొచ్చింది.

ఇట్లు,
మీ సాక్షి,
కసిల్డా ఒచోవా (వేలిముద్ర)

తాజా కలం: బోర్డును ప్రూయిట్ చేత తిరిగి పాతించాను. టోపీలు తీశాం.

రాసిన హోర్తెన్సియా గమనిక: కాగితం మీద తెల్లగా ఉన్నది పిండి, మన్నించాలి. బల్ల దులుపుకుందామని చూశాం. ఊళ్ళో రెక్క ఒక్కటీ మిగల్లేదు.